పడుకున్న రెండు

ఒప్పుకున్న దొంగను ప్రశ్నించడమంత దండగమారి పని ఇంకొకటి లేదని నా అభిప్రాయం. పారిపోయినవాడి వెనకాల పరిగెత్తవచ్చు. బుకాయించేవాడితో గొంతు చించుకోవచ్చు. "అవునండీ, నేనే తీశాను" అని తల వంచుకుని కూర్చున్న మనిషిని ఏం చేసుకోవాలి?

ఆ మధ్యాహ్నం నా ఎదురుగా అలా కూర్చున్నది ఆ ఇంటి కోడలు. ముప్ఫై దాటి ఉండవు. భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం నీళ్ళ మీదే ఉంటాడు. మామగారిని అందరూ మాస్టారు అంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు, ఫొటో స్టూడియో నడిపి మానేశారు. పాత అమెరికా కాగితం డబ్బు సేకరించే పిచ్చివాళ్ళ సంఘానికి మాత్రం ఆయనే అధ్యక్షుడు, ఆయనే గురువు. భూతద్దంలో చూసి "దీని మీద ఎవరి చేయీ పడలేదు" అని సంతకం పెట్టి ఇచ్చారంటే ఆ నోటుకి ఇక తిరుగు లేదు.

పోయిన నోటు ఆయనది కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అది సంఘం కార్యదర్శిది. ఆవిడ రిటైరైన కంటి డాక్టరు. ప్రదర్శనలో పెట్టడానికి ముందే తెచ్చి, మాస్టారి మీద నమ్మకంతో ఆయన ఇనప్పెట్టెలో ఉంచింది. నిన్న ఆయన ప్రదర్శన హాల్లో అద్దాల బల్లలు సర్దించి ఇంటికి వచ్చి చూస్తే నోటు లేదట. పెట్టెకి తాళంచెవులు రెండే. ఒకటి ఆయన జేబులో, రెండోది కోడలి దగ్గర. డాక్టరమ్మ పోలీసులకు చెప్పి, వాళ్ళ మీద నమ్మకం చాలక ప్రైవేటు డిటెక్టివునైన నాకూ చెప్పింది. నేను వచ్చేలోపే కోడలు నేరం ఒప్పేసుకుంది.

"ఎలా తీశారు?" అని అడిగాను.

"తాళం తీసి." ఆవిడ తల ఎత్తకుండా పాప మేజోళ్ళు జతలు కలుపుతోంది.

"తాళం తీస్తే తలుపు తెరుచుకుంటుంది. నోటు సంగతి చెప్పండి."

"అక్కడే ఉంది సార్. మడిచి పర్సులో పెట్టుకున్నాను."

"మడిచారా?"

"మడిచాను."

"దాని మీద రెండు అంకె ఎలా ఉంది?"

ఆవిడ చేతులు ఆగాయి. "రెండులాగే ఉంది."

నాకు ఒళ్ళు మండింది. ఆ నోటు విలువంతా ఆ అంకెలోనే ఉందని డాక్టరమ్మ నాకు ఫోన్లో అరగంట నూరిపోసింది. నూట యాభై ఏళ్ళ కిందటి రెండు డాలర్ల నోటు. ఇప్పటి నోట్ల కన్నా పెద్దది. దాని మీద రెండు నిలబడి ఉండదు. నోటు పొడుగునా భోంచేసి కునుకు తీస్తున్నట్టు పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. అందుకే సేకరించేవాళ్ళు దాన్ని ముద్దుగా పడుకున్న రెండు అంటారు. ఒక్కసారి చూసినవాళ్ళెవరూ మర్చిపోరు.

"ఏమ్మా, దొంగిలించిన వస్తువు మొహమైనా చూడలేదా? కళ్ళు మూసుకుని తీశారా, సిగ్గేసి?"

ఆవిడ మొహం కందగడ్డలా అయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో ఉన్న చిన్న మేజోడును ఉండ చుట్టి, విప్పి, మళ్ళీ ఉండ చుట్టింది.

"సార్, మీరెంత ఎగతాళి చేసినా పడతాను. ఒక్క సాయం చెయ్యండి. పాప బడి వ్యాను నాలుగుంపావుకి వస్తుంది. ఆ లోపే నన్ను తీసుకెళ్ళిపొమ్మని ఇన్‌స్పెక్టరు గారికి చెప్పండి. నేను జీపెక్కడం అది చూడకూడదు."

ఈ వృత్తిలో నా నాలుక పదునుకి నేనే మురిసిపోతూ ఉంటాను. ఆ క్షణంలో దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఒక తల్లిని పట్టుకుని సిగ్గు గురించి వెటకారాలాడాను. గోడ గడియారం కేసి చూస్తే మూడు దాటింది.

"చెప్తాను," అని లేచి బయటికొచ్చాను. ఆవిడ కళ్ళలోకి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

వసారాలో ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి వాల్చి దర్జాగా కూర్చున్నాడు. ఇతగాడు నా శత్రువే అయితే ఎంత బాగుండేది. కానీ సాక్షాత్తూ నా బావమరిది. నా పెళ్ళిలో నా చెప్పులు దాచి బేరమాడినవాడు ఇప్పుడు నా కేసులు దాచుకుంటున్నాడు.

"అయిందా బావా మీ విచారణ?" అన్నాడు. "నేరం ఒప్పుకున్నావిడ దగ్గర ఇంకేం పిండుతున్నారు?"

"నోటు దొరికిందా?"

"దొరుకుతుంది. దారినపోయేవాడికి అమ్మానంది. వాడెవడో స్టేషన్లో గుర్తుకొస్తుంది."

"ఆవిడ ఆ నోటు మొహం ఎరగదోయ్. పప్పులో కాలేశావు."

"కాలు నాది, పప్పు నాది. మీకెందుకు?" నవ్వాడు. "కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మీకు ఫీజు తెచ్చే పని. నాకు పైనుంచి ఫోన్లొస్తున్నాయి. నాలుగింటికి ఆవిణ్ణి తీసుకెళ్తున్నాను."

"నాలుగింటి దాకా టైముందిగా. ఈ లోపు నన్ను ఇనప్పెట్టె ఉన్న గది చూడనీ."

"చూసుకోండి. ఏమీ విరగ్గొట్టకండి. మా అక్క నాకు చీవాట్లు పెడుతుంది."

మాస్టారి గది ఒకప్పుడు ఫొటోలు కడిగే చీకటి గది. ఇప్పుడు కిటికీ తెరిచి, బల్ల వేసి, నోట్ల గదిగా మార్చుకున్నారు. మూలన ఇనప్పెట్టె. తలుపు తీస్తే లోపల ఒక్కో నోటూ ఒక్కో గట్టి ప్లాస్టిక్ కవరులో నిలబెట్టి ఉంది. పై అరలో ఒక కవరు మాత్రం ఖాళీ. దాని మీద డాక్టరమ్మ చీటీ అతికించి ఉంది.

బావమరిది నా వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. కవరు తీసి వాడికి చూపించాను.

"ఇది ఇక్కడెందుకుంది?"

"నోటు పోయింది కాబట్టి ఖాళీ కవరు మిగిలింది."

"దొంగ కవరుతో సహా పట్టుకుపోతాడోయ్. నోటు నలిగితే దాని రేటు పడిపోతుంది. ఈ కవరు మూత చూడు, ఎంత బిగువుగా ఉందో. కాగితానికి గీత పడకుండా పట్టకారుతో లాగి, మూత మళ్ళీ మూసి, ఉన్నచోటే పెట్టారు. ఇంత పద్ధతిగా తీసినావిడ వెంటనే దాన్ని మడిచి పర్సులో కుక్కిందంటావా?"

బావమరిది గడ్డం గోక్కున్నాడు. "శుభ్రత గల మనిషి. దొంగతనం కూడా శుభ్రంగా చేసుంటుంది."

"కవరులోంచి కాగితాన్ని బయటికి తీసేది ఆ కాగితంతో పనున్నవాడే."

గది చుట్టూ చూశాను. గోడవారగా ఫొటోలు కడిగే పాత ట్రేలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉన్నాయి. అన్నిటి అంచులకీ దుమ్ము పట్టింది. పై ట్రే ఒక్కటే తళతళలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రి వరండా వాసన. బట్టల మరకలు పోగొట్టే తెల్లమందు వాసన అది. సీసా బల్ల కింద గుడ్డలో చుట్టి ఉంది. తలుపు వెనక కొక్కేనికి మాస్టారి ముదురు నీలం చొక్కా వేలాడుతోంది. కుడిచేతి మడత దగ్గర నాలుగైదు చోట్ల రంగు చచ్చిపోయి తెల్లటి చుక్కలు పడ్డాయి.

"చొక్కాకి రంగుపోతే నేరమా బావా? మా అక్క ఉతికాక మీ చొక్కాల్లో రంగున్నది ఒక్కటి చూపించండి."

"మీ అక్క రంగుపోయిన చొక్కా పెట్టి ఎవరినీ జైలుకి పంపలేదు. నువ్వు బయట ఉండు. మాస్టారిని ఇక్కడికి పంపించు, ఒక్కణ్ణే."

"నాలుగింటి దాకానే," అని వాడు వెళ్ళిపోయాడు. వాడి నవ్వు మాత్రం తగ్గింది.

మాస్టారు వచ్చారు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ మడత నలగని బట్టలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. నేను మాట్లాడకుండా ట్రేని బల్ల మీద పెట్టాను. పక్కన సీసా పెట్టాను. చొక్కా తెచ్చి చేతిమడత పైకి కనపడేలా పరిచాను. ఆయన మూడింటినీ చూశారు.

"నోటు ఎక్కడుంది మాస్టారూ?"

ఆయన పక్కనున్న పడకగదిలోకి వెళ్ళి, పరుపు ఎత్తి, రెండు గాజుపలకలు తెచ్చారు. వాటి మధ్య నోటు ఉంది. పడుకున్న రెండును మొదటిసారి అప్పుడే చూశాను. కాగితం తెల్లగా, ఎక్కడా మరక లేకుండా ఉంది. నాలాంటివాడు చూస్తే నిన్నగాక మొన్న అచ్చువేశారనుకుంటాడు.

"బాగానే ఉందిగా."

"కింద చూడండి," అన్నారు.

కింద రెండు చిన్న గీతలు అచ్చువేసి ఉన్నాయి. ఆ గీతల మీద ఏమీ లేదు.

"అక్కడ సంతకాలుండాలి. ఆ రోజుల్లో ఈ నోట్లు ఊరూరా ఉండే చిన్న బ్యాంకులు ఇచ్చేవి. బ్యాంకు అధ్యక్షుడూ క్యాషియరూ ఒక్కో నోటు మీదా కలంతో సంతకం పెట్టేవాళ్ళు. అచ్చువేసిన రంగు నీళ్ళకీ మందుకీ కదలదు. కలం సిరా కదులుతుంది." ఆయన వేలు గాజు మీద ఆ ఖాళీ గీతల వెంట నడిచింది. "మూలన చిన్న మరక ఉంది. గోధుమరంగు మరక. రేపు ప్రదర్శనలో అందరూ నోటుని వదిలేసి దాన్నే చూస్తారనిపించింది. నా చేతి మీదుగా పెడుతున్న నోటు. రెండు చుక్కలు మందు వేస్తే పోతుందిలే అనుకున్నాను. మరక పోయింది. సంతకాలు నా కళ్ళముందే పల్చబడిపోయాయి. బయటికి తీసేలోపే అంతా అయిపోయింది."

"నోటు కడగడం అంత పెద్ద తప్పా?"

ఆయన నాకేసి చూసిన చూపుకి, అడగరాని మాట అడిగానని తెలిసింది. "కడిగితే కాగితంలో ప్రాణం పోతుంది. గంజి పోయిన చొక్కాలా అయిపోతుంది. కడిగినవాణ్ణి మేము మనిషిగా లెక్కపెట్టం. ఈ మాట నేనే అందరికీ నేర్పాను. కడిగిన నోటు తెచ్చాడని ఒకాయన్ని పదిమందిలో నిలబెట్టి సంఘంలోంచి పంపేశాను. ఆయన మళ్ళీ మా వీధిలోకి రాలేదు. ఇప్పుడు నేనే కడిగానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నా జీవితంలో ఇదే మొదటిసారి బాబూ."

నాకు జాలేసింది. దాని వెనకే ఇంకో ప్రశ్న తన్నుకొచ్చింది. "మీ కోడలు ఎందుకు ఒప్పుకుంది?"

ఆయన తల దించుకున్నారు.

"నేనే అడిగాను."

"ఏమని?"

"ఇంట్లో మనిషి తీసిందంటే డాక్టరమ్మ పట్టించుకోదులే, రెండు రోజుల్లో కేసు వెనక్కి తీసుకుంటుందిలే అని. ఆవిడ ఇంత పట్టుపడుతుందని అనుకోలేదు. దొంగతనం ఎవరింట్లోనైనా జరుగుతుంది బాబూ. జనం నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు. ఇది మర్చిపోరు."

ఇన్నేళ్ళలో హంతకులతో కూర్చుని మాట్లాడాను. ఎప్పుడూ ఇంత వెగటు పుట్టలేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, అదే వెగటు. కొడుకు పెళ్ళాం దొంగ కావడం కన్నా తను కాగితం కడగడమే ఎక్కువ సిగ్గు అని ఈ పెద్దమనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. నాకు ఆయన తరఫున సిగ్గేసింది. ఇందాక ఆ అమ్మాయితో నేను మాట్లాడిన తీరుకి అంతకన్నా ఎక్కువ సిగ్గేసింది.

"డాక్టరమ్మ గొంతు హాల్లో వినపడుతోంది," అన్నాను. "నేను చెప్పను. మీరే చెప్పండి. చెప్పకపోతే మీ కోడలు జీపెక్కుతుంది. అంతే."

ఆయన గాజుపలకలు ఛాతీకి అదుముకుని నిలబడిపోయారు. నేను హాల్లోకి నడిచాను.

హాల్లో డాక్టరమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది. కోడలు చేతిసంచితో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సంచిలో ఒక దుప్పటి అంచు కనపడుతోంది. స్టేషన్లో ఎన్నాళ్ళుండాలో తెలియక పెట్టుకుని ఉంటుంది. బావమరిది టోపీ సర్దుకున్నాడు.

"టైమైంది బావా."

"ఒక్క నిమిషం ఆగు."

"ఎందుకు సార్ ఆగడం?" అంది కోడలు. "వెళ్ళిపోతే మంచిది."

మాస్టారు గది గుమ్మంలోకి వచ్చారు. అక్కడే ఆగిపోయారు. కోడలు ఆయన కేసి ఒక్కసారి చూసి, చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది. మొదటి చెప్పు వేసుకుంది. రెండోది వేసుకుంది. మెట్టు దిగింది. నేను కలగజేసుకుందామని అడుగు ముందుకు వేశాను.

"నేనే," అన్నారు మాస్టారు.

అందరూ తిరిగారు. ఆయన గాజుపలకలు తెచ్చి డాక్టరమ్మ ఒళ్ళో పెట్టారు. "అమ్మాయి తియ్యలేదు. నేను కడిగాను. సంతకాలు పోయాయి."

బావమరిది నా చెవి దగ్గరికి వంగాడు. "కడగడమేంటి బావా? ఇది ఏ సెక్షను కిందికి వస్తుంది?"

"ఏ సెక్షనూ లేదు. ఊరుకో."

డాక్టరమ్మ ఆ ఖాళీ గీతల్ని చాలాసేపు చూసింది. "మీరా మాస్టారూ," అంది చివరికి. ఆ రెండు మాటలకే ఆయన గోడ పట్టుకున్నారు.

కోడలు మాత్రం మెట్టు మీదే నిలబడి ఉంది. సంచి కింద పెట్టలేదు. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను.

"మీరు అడిగినందుకే నేను ఒప్పుకోలేదు మామయ్యగారూ," అంది. "మీరు అడిగాక మీ అబ్బాయికి ఫోన్ చేశాను. నోటు పోయిందట, అందరూ నన్నే అంటున్నారని చెప్పాను. తీసి ఎక్కడ పెట్టావ్ అన్నారు. తీశావా అని అడగలేదు. కట్టుకున్నవాడే అనుకున్నాక పోలీసులు అనుకుంటే ఏమవుతుందిలే అనిపించింది. ఇప్పుడు ఇక్కడ చెప్పిన మాట ఆయనకీ చెప్పండి."

ఆవిడ లోపలికి వచ్చి ఫోన్ తీసి నంబరు నొక్కింది. స్పీకరు పెట్టి మాస్టారి ముందున్న బల్ల మీద ఉంచింది. ఓడ ఏదో రేవులో ఆగి ఉన్నట్టుంది, కొడుకు వెంటనే పలికాడు.

"అబ్బాయ్," అన్నారు మాస్టారు. "నోటు మీ ఆవిడ తియ్యలేదురా. నేనే. మరక పోగొడదామని కడిగాను."

అవతల నిట్టూర్పు వినపడింది. "అది కూడా కడిగేశారా? పరాయివాళ్ళది కూడానా నాన్నా? మీరు మరకల నోట్లు కొని, కడిగి, మీ సంతకంతో నా చేత ఈ రేవుల్లో అమ్మించినవి చాలలేదా? అయినా కానివ్వండి. అందరూ ఎలాగూ తననే అంటున్నారుగా. రెండు రోజులు ఓపిక పడితే అదే సద్దుమణుగుతుంది. మీరు మాత్రం నోరు విప్పకండి."

మాస్టారు ఫోన్ మీదికి చెయ్యి చాచారు. ఆవిడ దాన్ని తన వైపు లాక్కుంది.

"ఈ కడగడం సంగతి మీకు ముందే తెలుసన్నమాట," అంది.

అవతల గొంతు మారింది. "నువ్వు అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను."

"అది కాదు, చెప్పేది విను, నాన్న పరువు..."

ఆవిడ ఫోన్ కట్టేసింది.

మొదటిసారి అని ఆయన చెప్పిన మాటకి నేను జాలిపడ్డానని గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇంతకాలం మనుషుల్ని చదివానని చెప్పుకు తిరిగే నన్ను ఆ ముసలాయన ఒక్క మాటతో కట్టిపడేశాడు. డాక్టరమ్మ మెల్లగా లేచి నిలబడింది.

"నా ఇంట్లో ఉన్న ప్రతి నోటు మీదా మీ సంతకమే ఉంది మాస్టారూ. మన సంఘంలో అందరి దగ్గరా ఉంది. వాటిలో ఎన్ని కడిగారు?"

మాస్టారు గోడవైపు తిరిగిపోయారు. బావమరిది మాత్రం నా చెవి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. దీనికి సెక్షను ఉందని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

కోడలు సంచి కింద పెట్టింది. కుర్చీ లాక్కుని ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చుంది. ఈసారి తల వంచుకోలేదు.

"ఇంతకుముందు నేను చెప్పింది అబద్ధం సార్. ఇప్పుడు నిజం చెప్తాను, రాసుకోండి. పోయినసారి మా ఆయన ఓడెక్కినప్పుడు పెట్టె సర్దింది నేనే. చొక్కాల మడతల్లో అంటించిన కవర్లు పెట్టమని ఇచ్చింది మామయ్యగారు. లోపల ఏముందో అప్పుడు నాకు తెలియదు. ఎవరికి అందాలో పైన రాసిన పేర్లు మాత్రం నాకు గుర్తున్నాయి."

"అమ్మా," అన్నారు మాస్టారు. గోడ వదిలి రెండడుగులు ముందుకు వచ్చారు. చేతులు జోడించబోయి మధ్యలో ఆగిపోయారు. బయట వీధి మలుపులో వ్యాను హారన్ మోగింది. "ఇప్పుడు కాదు తల్లీ. పాప వచ్చేస్తోంది. దాని ముందు వద్దు."

"రానివ్వండి," అంది ఆవిడ. "దాని ముందే చెప్తాను."